తడబాటును తాకి చూసినప్పుడు

మా ఇంట్లో నాలుగు భాషల అక్షరాలు కాపురముంటాయి. సరుకుల చీటీ నేను తెలుగులో రాస్తాను. అత్తమ్మ చదివే పత్రిక ఉర్దూలో వస్తుంది. పిల్లల పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషువి. ఫజ్ర్ నమాజు తరువాత రెహల్ మీద తెరుచుకునేది అరబ్బీ. వీటిలో రెండు ఎడమ నుండి కుడికి నడుస్తాయి, రెండు కుడి నుండి ఎడమకు. మన తెలుగు ముస్లిం కుటుంబాల్లోని పిల్లలు ఆరేడేళ్ల వయసుకే ఈ రెండు దారుల్లోనూ నడవటం నేర్చుకుంటారు. అది ఎంత పెద్ద పనో మనం ఆలోచించం. ఎక్కువమందికి అది వచ్చేస్తుంది కాబట్టి ఆ అవసరం రాదు. రాని బిడ్డ ఒకడు ఇంట్లో ఉన్నప్పుడే ఆలోచన మొదలవుతుంది.

మా చిన్నవాడికి పదేళ్లు. ఒక చిన్న సూరాను నాలుగైదు సార్లు విన్నాడంటే తిరిగి అప్పజెబుతాడు. ఆగిపోయిన గోడగడియారాన్ని విప్పి, మళ్లీ బిగిస్తాడు. శ్రీనగర్ కాలనీ నుండి యూసుఫ్‌గూడ వరకు సందులన్నీ వాడికి కంఠస్థం. పుస్తకం తెరిస్తే మాత్రం 'పడవ' కాస్తా 'వడప' అవుతుంది. 'మనసు' అన్న మాటలో మకారం యకారంగా, నకారం సకారంగా మారిపోతుంది. ఒక వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరచిపోతాడు. నిన్న సరిగా చదివిన మాటనే ఈ రోజు కొత్తగా చూస్తాడు. బడిలో వాడి తరగతి ఉపాధ్యాయురాలు ఏడాది క్రితమే నన్ను పిలిపించి, "బాబు తెలివైనవాడే. ఒకసారి నిపుణులకు చూపించండి, డిస్లెక్సియా కావచ్చు" అని మెల్లగా చెప్పారు.

ఈ పేరు కొత్తది కాదు. 1887లో జర్మనీకి చెందిన నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ ఈ మాటను వాడారు. 1896లో ఇంగ్లండు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్, చురుకైన పద్నాలుగేళ్ల బాలుడొకడు చదువు దగ్గర మాత్రమే ఆగిపోవటాన్ని వైద్యపత్రికలో వివరించారు. అంటే నూట పాతికేళ్లకు పైగా వైద్యులకు తెలిసిన సంగతి ఇది. కంటిచూపు లోపం వల్ల వచ్చేది కాదు, బుద్ధిమాంద్యం కాదు. మాటలోని ధ్వనులను విడదీసి, వాటిని అక్షరాలతో వెంటవెంటనే ముడిపెట్టే పని మెదడుకు కష్టమవుతుంది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. డిస్లెక్సియా వాటిలో ఒకటి.

ఇవన్నీ నేను ఇంట్లో చెప్పాను. వినేవారు వినలేదు. మామయ్య గుంటూరు జిల్లాలో ముప్పై రెండేళ్లు తెలుగు ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. "నా చేతి కింద వేలమంది చదువుకున్నారమ్మా. రాదు అన్న మాట నేను ఒప్పుకోను. సాధన చాలదు, అంతే" అన్నారు. అత్తమ్మ దిష్టి అన్నారు. మావారి భయం వేరు. పరీక్ష చేయించి కాగితం తెస్తే అది వాడి నుదుటి మీద ముద్ర అవుతుందని, జీవితమంతా వెంటాడుతుందని ఆయన బాధ. ఎవరి మాటలోనూ ప్రేమకు కొదవ లేదు. అయినా ఆ ఏడాది గడిచేలోగా వాడికి ప్రతి సోమవారం ఉదయం కడుపునొప్పి రావటం మొదలైంది. సెలవు రోజుల్లో ఆ నొప్పి ఉండేది కాదు.

కాలు విరిగిన బిడ్డను పరుగెత్తమని ఎవరూ అనరు. కట్టు కనిపిస్తుంది. చదవటంలోని కష్టానికి కట్టు ఉండదు. ఎంత వివరించినా వినేవారికి అది ఒక సాకులాగే తోస్తుంది. మరి కనిపించని దాన్ని చూపించటం ఎలా?

దారి చూపించింది మా మరిది. ఆయన సినిమా సెట్లకు రంగులు వేసే పనిలో ఉన్నారు. మా కాలనీలో ఇది విశేషమేమీ కాదు. ఒక పక్క కృష్ణానగర్, ఇంకో పక్క జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. తెల్లవారకముందే షూటింగులకు బయలుదేరే కార్మికులు, అట్టతోనూ చెక్కతోనూ కోటలు కట్టేవారు మా ఇరుగుపొరుగులే. ఆయన ఒక రాత్రి ఫోనులో నాకు డేనియల్ బ్రిటన్ అనే లండన్ గ్రాఫిక్ డిజైనరు గీసిన అక్షరాలు చూపించారు. బ్రిటన్‌కు డిస్లెక్సియా ఉంది. తన కష్టం తోటివారికి అర్థం కావటం లేదని ఆయన ఇంగ్లీషు అక్షరాలలో ప్రతిదాని నుండి సుమారు 40 శాతం గీతలను చెరిపివేసి ఒక కొత్త అక్షరమాల తయారుచేశారు. దానితో అచ్చువేసిన మాటను చదవబోతే, ఎంత చదువుకున్నవారైనా గీత గీతకూ ఆగి, ఊహించి, కూడబలుక్కోవలసిందే. స్వీడన్‌కు చెందిన విక్టర్ విడెల్ అనే సాంకేతిక నిపుణుడు 2016లో ఇంకో పని చేశారు. తన స్నేహితురాలు చెప్పిన అనుభవాన్ని బట్టి, చదువుతుండగానే మాటల లోపలి అక్షరాలు స్థానాలు మారుతూ ఉండే పుటను కంప్యూటరులో తయారుచేశారు. డిస్లెక్సియా ఉన్న వారందరికీ అక్షరాలు అలా కదిలినట్లు కనిపించవు. అయినా, చదవటమనే పని ఎంత అలసట కలిగించగలదో ఆ పుట లక్షలాది మందికి రుచి చూపించింది.

ఆ రెండింటిలోనూ నన్ను ఆకట్టుకున్నది ఒక్కటే. అవి గోడకు తగిలించిన బొమ్మలు కావు. చూసేవాడు చేయి పెట్టాలి, నోరు తెరవాలి, తడబడాలి. అప్పుడే ఆ కళ పూర్తవుతుంది. ప్రపంచమంతటా అక్టోబరును డిస్లెక్సియా అవగాహన మాసంగా పాటిస్తారు. 2024 అక్టోబరులో ఢిల్లీలో రాష్ట్రపతి భవన్, ఇండియా గేటు ఎర్రని కాంతితో వెలిగాయి. అది మంచి పనే. కాని ఎర్రని దీపాన్ని చూసి ఎవరైనా నడిచి వెళ్లిపోవచ్చు. చేతిలో కాగితం పెట్టి "చదవండి" అంటే వెళ్లిపోవటం అంత సులభం కాదు.

రంజాన్ పండుగ తరువాత మేమేటా మా అపార్టుమెంటు సెల్లారులో ఈద్ మిలాప్ జరుపుతాము. హిందూ, క్రైస్తవ సోదరులు, సినిమా పనివారు, కాపలాదారు కుటుంబంతో సహా అందరూ వస్తారు. ఈసారి షీర్‌ఖుర్మా పంచే బల్లకు ముందు నాలుగు చిన్న బల్లలు వేద్దామని నిశ్చయించుకున్నాము. సెట్లలో మిగిలిన ప్లైవుడ్ ముక్కలు, పారదర్శకమైన అక్రిలిక్ రేకులు మరిది తెచ్చారు. వారం రోజులు రాత్రిపూట పని చేశాము. వాడి పేరు ఎక్కడా పెట్టలేదు. ముందుగా వాడినే అడిగాను, "ఇలాంటిది చేస్తే నీకు ఇబ్బందా?" అని. కాసేపు ఆలోచించి, "నన్ను చూపించకండి అమ్మీ. బొమ్మలు నేనూ చేస్తాను" అన్నాడు.

మొదటి బల్ల మీద రెండు పారదర్శకపు రేకులు ఒకదానిపై ఒకటి ఉంటాయి. కింది రేకు మీద హల్లులు, పై రేకు మీద తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు. రెండూ సరిగా కుదిరితే చక్కని తెలుగు పేరా. పక్కన వేలాడే తాడును లాగుతూ చదవాలి. లాగిన కొద్దీ పై రేకు జరిగి, ఒక అక్షరపు గుడి పక్క అక్షరం నెత్తిన కూర్చుంటుంది. మన లిపిలో గుణింతాలూ ఒత్తులూ కలిస్తే వందల రూపాలు. వాటిని క్షణంలో విడదీసి చదవటం ఎంత నేర్పో ఆ తాడు చెబుతుంది.

రెండవ బల్ల మీద ఉర్దూ మాటలు, చుక్కలు లేకుండా. బే, పే, తే, సే అన్న అక్షరాలకు మాట మొదటా నడుమా ఒకే రూపం. చుక్కలు ఎన్ని, పైనా కిందా అన్నదే తేడా. గిన్నెలో చొక్కా గుండీలు ఉంచాము. వచ్చినవారు గుండీలను చుక్కలుగా పేర్చి మాటను పూర్తి చేయాలి. భక్తిగ్రంథాల మాటలేవీ వాడలేదు. పెరుగు, తలుపు, వాన వంటి ఇంటి మాటలే.

మూడవ బల్ల మీద ఒక అట్టపెట్టె. చేయి లోపల పెట్టి, ఎదుట అద్దంలో మాత్రమే చూస్తూ తమ పేరు తాము రాయాలి. ముప్పై ఏళ్లుగా చెక్కుల మీద సంతకం చేస్తున్న చేతులు అక్కడ ఒకటవ తరగతి పిల్లల చేతులయ్యాయి.

ఈ మూడు బల్లల దగ్గరా పెద్ద పిల్లలు నిలబడ్డారు. వారి చేతిలో గడియారం. వారు అనవలసిన మాటలు ముందే రాసిచ్చాము: "త్వరగా", "నిన్న చదివిందే కదా", "నీ చెల్లెలు చదువుతోంది చూడు", "ధ్యాస ఎక్కడుంది?" మాకు కొత్తగా కల్పించవలసిన పనిలేకపోయింది. అవి ప్రతి ఇంట్లో వినిపించేవే.

ఆ సాయంత్రం అరవై మంది దాకా వచ్చారు. ముందు నవ్వులు. తరువాత నవ్వులు తగ్గాయి. బ్యాంకులో పనిచేసే మా పొరుగింటి సోదరి తాడు వదిలేసి, "అందరూ వింటున్నారని ఇంకా తప్పులు వస్తున్నాయి" అన్నారు. మా చిన్నవాడు చెప్పలేక కడుపునొప్పిగా మార్చుకున్న మాట అదే. మావారు అద్దంపెట్టె దగ్గర చాలాసేపు నిలబడ్డారు. రాసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఏమీ అనలేదు.

మామయ్య విషయం మేము అనుకున్నట్లు జరగలేదు. ఆయన కళ్లజోడు సవరించుకుని, తాడు లాగుతూనే, సందర్భాన్ని బట్టి మాటలు ఊహిస్తూ పేరా అంతా చదివేశారు. గడియారం పట్టుకున్న పిల్లవాడు చప్పట్లు కొట్టాడు. మామయ్య నా వైపు తిరిగి, "చూశావా, పట్టుదల ఉంటే వస్తుంది" అన్నారు. నా గుండె జారిపోయింది. మేము కట్టిన యంత్రమే మా వాదానికి ఎదురు నిలిచింది.

ఆ రాత్రి ఆలోచిస్తే ఆయన తర్కం నాకు అర్థమైంది. రెండు నిమిషాల కష్టం ఆయనకు సవాలు మాత్రమే. అరవై ఏళ్ల చదువు వెనుక ఉండి నెట్టింది. ఆ బల్ల వదిలితే కష్టమూ వదిలిపోతుందని ఆయనకు తెలుసు. బిడ్డకు ఆ వెసులుబాటు లేదు. ఇలాంటి అనుకరణల మీద 2017లో అమెరికాలో మిషెల్ నారియో-రెడ్‌మండ్, ఆమె సహచరులు ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. వైకల్యాన్ని కాసేపు అనుకరించినవారిలో జాలి పెరిగింది, 'నాకూ ఇలా అవుతుందేమో' అన్న భయం పెరిగింది. వైకల్యం ఉన్నవారితో మెలగటంలోని బిడియం మాత్రం తగ్గలేదు. జాలి ఒక తలుపు తెరిచి, ఇంకొకటి మూసివేస్తుందన్నమాట. 'పాపం' అనిపించుకున్న బిడ్డకు 'సోమరి' అనిపించుకున్న బిడ్డకంటే ఎక్కువ స్వేచ్ఛేమీ దక్కదు.

అదృష్టవశాత్తు నాలుగవ బల్ల ఉంది. అది మా చిన్నవాడి సొంత ఆలోచన. ఒక పళ్లెంలో ఇసుక, ఒక బుట్టలో మట్టితో వాడు చేసి ఆరబెట్టిన అక్షరాలు. వచ్చినవారు కళ్లకు గంత కట్టుకుని అక్షరాన్ని వేళ్లతో తడిమి, పేరు చెప్పి, దాన్ని ఇసుకలో రాస్తూ పైకి పలకాలి. చెవి, నోరు, వేలు కలిసి పనిచేసే ఈ పద్ధతి కొత్తది కాదు. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, అన్నా గిల్లింగ్‌హామ్ సుమారు వందేళ్ల క్రితమే ఇటువంటి బోధనకు పునాది వేశారు. మన పూర్వులు ఇసుకలో ఓనమాలు దిద్దించినదీ వేలితోనే కదా. ఈ బల్ల దగ్గర గురువు వాడే. గడియారం లేదు, ములుకులు లేవు.

మామయ్య కళ్లకు గంత కట్టుకుని కూర్చున్నారు. వాడు ఒక అక్షరం ఆయన చేతిలో పెట్టాడు. ఆయన తడిమి "ద" అన్నారు. "కాదు దాదా, మళ్లీ చూడండి." "ధ." "ఇంకా ఉంది. కింద గీత పట్టుకోండి, ఇప్పుడు మధ్యకు రండి. ఏదో తగిలిందా?" "చుక్క." "అయితే?" "థ." వాడు ఆయన చూపుడువేలు పట్టుకుని ఇసుకలో మెల్లగా నడిపించాడు. తెలుగు ఉపాధ్యాయుని చేత థకారం దిద్దించాడు. మామయ్య గంత విప్పి వాడినడిగారు, "ఇన్ని తేడాలు నీవు ఇలా పట్టుకుంటావా?" "పుస్తకంలో చేతికి తగలవు కదా దాదా" అన్నాడు వాడు. ఆయన ఇంకో అక్షరం ఇమ్మన్నారు. అలా పదకొండు అక్షరాలయ్యాయి. షీర్‌ఖుర్మా చల్లారిపోయింది.

ఆ రోజు నుండి ఆయన ప్రశ్న మారింది. 'ఎందుకు చదవడు?' అన్నది పోయి, 'ఎలా చెబితే అందుతుంది?' అన్నది వచ్చింది. నాకు కావలసిన మార్పు అదే. మొదటి మూడు బల్లలు తడబాటును చూపాయి. నాలుగవది ఆ తడబాటు వెనుక ఉన్న బిడ్డను చూపింది. కళతో జనం చూపు మార్చాలనుకునేవారు ఈ రెండవ భాగాన్ని ఎన్నడూ వదలకూడదని నా అభిప్రాయం.

మా ప్రాంతంలో దీనికి ఒక దృష్టాంతం రోజూ కనిపిస్తుంది. తెలుగు ఒక్క ముక్క చదవలేని నటీనటులు ఇతర రాష్ట్రాల నుండి వస్తారు. కెమెరా పక్కన నిలబడి సహాయ దర్శకుడు సంభాషణ అందిస్తాడు, వారు విని పలుకుతారు. తరువాత డబ్బింగు కళాకారులు గొంతు కలుపుతారు. వారిని సోమరులని ఎవరూ అనరు. అందించటం అక్కడ పనిలో భాగం. బడిలో అదే సాయాన్ని మినహాయింపు అంటాము, కొందరు మోసం అని కూడా అంటారు. సి.బి.ఎస్.ఇ. పరీక్షల్లో ఇటువంటి పిల్లలకు మూడు గంటలకు అదనంగా ఒక గంట ఇస్తారు. రాసిపెట్టే వ్యక్తిని తీసుకునే వీలూ ఉంది. అది దయ కాదు, వారి హక్కు.

మన ధర్మచరిత్ర వైపు చూస్తే చదువరి కోసం లిపి వంగిన ఉదాహరణ కనిపిస్తుంది. తొలినాటి ఖుర్ఆన్ ప్రతులలో నేడు మనం చూసే చుక్కలూ స్వరచిహ్నాలూ ఇలా లేవు. ఇస్లాం అరబ్బేతరులకు వ్యాపించి, చదవటంలో పొరపాట్లు రాసాగినప్పుడు క్రీ.శ. ఏడవ శతాబ్దంలో అబుల్ అస్వద్ అద్దువలీ వంటి పండితులు స్వరాలకు గుర్తులు పెట్టటం మొదలుపెట్టారు. తరువాతి తరంలో ఒకే రూపం గల అక్షరాలను చుక్కలతో వేరుచేయటం స్థిరపడింది. ఎనిమిదవ శతాబ్దంలో ఖలీల్ బిన్ అహ్మద్ నేటి స్వరచిహ్నాలకు రూపమిచ్చారు. చదవలేనివారిని మందలించి ఊరుకోక, చదవటానికి వీలు కల్పించారు. మా రెండవ బల్ల మీది గుండీల వెనుక ఉన్న కథ ఇదే.

హజ్రత్ ఆయిషా (ర.అ.) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఖుర్ఆన్ పారాయణంలో ప్రావీణ్యం గలవారి స్థానాన్ని ప్రస్తావించిన తరువాత, తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెండింతల పుణ్యముందని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. ఆ తడబాటును ఆయన లోపంగా లెక్కించలేదు, శ్రమగా లెక్కించారు. మా చిన్నవాడికి ఈ సంగతి మసీదులో ఖాయిదా చెప్పే మౌల్వీసాబ్ చెప్పారు. ఈద్ మిలాప్‌లో ఆయనా గుండీలు పేర్చి వెళ్లారు. ఇప్పుడు వాడికి పాఠం ముందు వినిపించి, తరువాత చూపిస్తున్నారు.

మావారు గత నెల వాడిని నిపుణుల దగ్గరకు తీసుకెళ్లారు. నేను అడగలేదు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు ప్రభుత్వ నిబంధనల ప్రకారం పరీక్షలు జరిపి ధ్రువపత్రం ఇస్తారు. పద్నాలుగేళ్లకు, పద్దెనిమిదేళ్లకు మళ్లీ పరీక్షిస్తారు. కాగితం ముద్ర అవుతుందేమోనన్న భయం ఆయనలో ఇంకా ఉంది. 'సోమరి' అన్న ముద్ర కాగితం లేకుండానే పడుతోందని గ్రహించాను, అన్నారు. చదువు ఒక్కసారిగా చక్కబడలేదు. వాడు ఇప్పటికీ మెల్లగానే చదువుతాడు. అత్తమ్మ ఇప్పటికీ ఇషా తరువాత వాడి మీద దువా చదివి ఊదుతారు. దాంతోపాటు మిషను పక్కన కూర్చోబెట్టుకుని ఉర్దూ కథలు వినిపిస్తారు. సోమవారాల కడుపునొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు.

సోదరీమణులారా, మీ ఇంట్లోగాని, బంధువులలోగాని ఇటువంటి బిడ్డ ఉంటే వాదనలతో అలసిపోకండి. ఒక పేరాలోని గుణింతపు గుర్తులను చెరిపి ఇంటి పెద్దల చేతికివ్వండి. అందరూ వింటుండగా గడియారం పెట్టి చదివించండి. అక్కడితో ఆపకండి. వెంటనే ఆ బిడ్డను పిలిచి, వాడికి బాగా తెలిసిన పని ఏదో పెద్దలకు నేర్పించమనండి. ముందుగా బిడ్డ అనుమతి అడగండి. వాడిని ప్రదర్శనకు పెట్టకండి. ఖర్చు ఏమీ లేదు, ఒక కాగితం, పిడికెడు ఇసుక చాలు. ఆ తరువాత నిపుణుల దగ్గరకు వెళ్లటం ఆలస్యం చేయకండి. మా బల్లలు మా సెల్లారులోనే ఉన్నాయి. వచ్చే నెలలో యూసుఫ్‌గూడలోని ఒక మక్తబ్‌కు వాటిని తీసుకెళ్తున్నాము. నాలుగవ బల్ల దగ్గర నేర్పటానికి ఈసారి మామయ్య కూడా వస్తానన్నారు. మా చిన్నవాడు ఆయనకు ఇంకా ఒత్తులు పరీక్షించాలట.